అంచు కత్తిరించిన సంచులు

మార్చి 4

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. కవరు మీద నీ చేతిరాత చూసి, ఆహా, ఇన్నాళ్లకి అక్క గుర్తొచ్చిందే అని కుట్టుమిషను ఆపి మరీ విప్పాను. విప్పితే మొదటి వాక్యం, "మీ రేవులో స్కేట్ చేప గుడ్డు సంచులు ఏమైనా దొరుకుతున్నాయా?" అని. నేనెలా ఉన్నానో అడగలేదు. మీ బావ మోకాలు ఎలా ఉందో అడగలేదు. చేప గుడ్ల యోగక్షేమాలు మాత్రం రెండు పేజీలు అడిగావు. ఆ మ్యూజియంలో సీసాల మధ్య కూర్చుని కూర్చుని నీకు బతికున్న వాళ్లతో మాట్లాడే అలవాటు తప్పిపోయింది.

సరే, దొరుకుతున్నాయి. నువ్వు బొమ్మ వేసి పంపిన నల్లటి తోలు సంచులే, నాలుగు మూలలా కొమ్ములతో. మీ బావ వలకి చిక్కుకుని వస్తూనే ఉంటాయి. అన్నీ ఖాళీవి, లోపలి పిల్ల ఎప్పుడో ఈదుకుంటూ వెళ్లిపోయినవి. ఆయన విసుక్కుంటూ పీకి పడవలో ఓ మూల పడేస్తారు. ఆ కొమ్ములు తగులుకుని వల చిరుగుతుంది, ఆ చిరుగులు కుట్టేది నేను. అందుకని నీ సంచుల మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు.

ఇక అసలు సంగతి. రేవులో బోర్డు పెట్టారు. రాళ్ల దిబ్బ దగ్గర వలలు వేయకుండా ఆపాలా వద్దా అని మత్స్యశాఖ వాళ్లు ఆలోచిస్తున్నారట. అక్కడ ఏదో అరుదైన చేప గుడ్లు పెడుతోందట. ఆ ఏదో చేప నీ చేపేనని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. మీ బావకున్నది ఆ దిబ్బ ఒక్కటే. కొండ చాటున, గాలి తగలని చోటు. అది మూసేస్తే ఆయన కొండ మలుపు దాటి బయటి సముద్రంలోకి పోవాలి. ఆయన వయసు నీకు తెలుసు. మా పడవ సంగతీ తెలుసు, ఒడ్డు దాటకముందే అందులో వాంతి చేసుకున్నవాడివి. పోయినేడు గాలిరోజున మలుపు దాటి రెండు పడవలు వెళ్లాయి, ఒకటే వచ్చింది. రెండోది మా పడవకన్నా పెద్దది.

కాబట్టి నువ్వేం పరిశోధిస్తావో పరిశోధించుకో. ఆ దిబ్బ మూయాల్సిన పని లేదని మాత్రం తేల్చి పెట్టు.

వేళకి తిను.

అక్క

*

మార్చి 13

అక్కకి,

దెప్పావు కాబట్టి ముందే అడుగుతున్నాను. బావ మోకాలు ఎలా ఉంది? నీ నడుం నొప్పి ఎలా ఉంది? నా గదిలో కుళాయి కారుతూనే ఉంది, ఇంటివాడు రేపు రేపు అంటూనే ఉన్నాడు. యోగక్షేమాలు అయిపోయాయి.

"తేల్చి పెట్టు" అని రాశావు. నేను తేల్చేవాణ్ని కాదక్కా, కొలిచేవాణ్ని. కొలత ఏం చెబితే అది. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది, ఇక్కడ కూడా ఎవరికీ ఎక్కదు.

శ్రద్ధగా చదువు. స్కేట్ అంటే టేకు చేపకి చుట్టం. గాలిపటంలా బల్లపరుపుగా, పొడుగు తోకతో ఉంటుంది. మీ వైపు రెండు రకాలు తిరుగుతాయి. చాలాకాలం మావాళ్లు ఆ రెండూ ఒకటే చేప అనుకుని ఒకే పేరు పెట్టి ఒకే లెక్కలో వేశారు. అక్కడే కొంప మునిగింది. చిన్న రకం తొందరగా ఎదుగుతుంది, తొందరగా గుడ్లు పెడుతుంది, ఎలాగోలా నెట్టుకొస్తోంది. పెద్ద రకం తలుపంత పెరుగుతుంది. దానికి గుడ్లు పెట్టే వయసు రావడానికే పదేళ్ల పైన పడుతుంది, ఆ లోపే ఏదో ఒక వలలో పడుతుంది. వలల్లో చిన్నవి కనబడుతున్నంత కాలం 'స్కేట్లు బాగానే ఉన్నాయి' అని రాసుకుంటూ పోయాం. ఈలోగా పెద్దవి చాలా చోట్ల జాడ లేకుండా పోయాయి. ఇవాళ చిన్నదానికి ముప్పు ఉంది అంటున్నాం. పెద్దదానికి తీవ్రమైన ముప్పు అంటున్నాం. దాని తర్వాత ఇక చెప్పడానికి చేప ఉండదు.

మీ దిబ్బ దగ్గర గుడ్లు పెట్టేది చిన్నదైతే దిబ్బ తెరిచే ఉంటుంది. పెద్దదైతే మూస్తారు. సంచి చూస్తే నాకు తెలుస్తుంది. ఎలా తెలుస్తుందో నీకనవసరం, చెప్పినా కుట్టుమిషను చప్పుడులో వినవు.

ఎండలో పెట్టకు, ముడుచుకుపోతాయి. తడిగుడ్డలో చుట్టు. సబ్బు వాడకు. ఇంకో మాట. కిందటేడు నువ్వు పంపిన గుల్లల పెట్టె గుర్తుందా? ఇసుక, నాచు, పీచు, తాడు ముక్కలు. మా పెద్దావిడ, అదే మా విభాగం అధిపతి, అది నా బల్ల మీద చూసి నెలంతా దెప్పింది. దయచేసి ఈసారి చింపిరి చింపిరిగా పంపకు. శుభ్రంగా, ఒక తీరుగా, పెట్టెలో కుదురుగా పట్టేలా సర్ది పంపు.

తమ్ముడు

*

మార్చి 28

ఒరేయ్ కొలతల మారాజా,

పెట్టె పంపాను, ఈ ఉత్తరం వెనకే వస్తుంది. పదకొండు సంచులు. చింపిరి చింపిరిగా పంపకు అన్నావుగా, తీసి చూసుకో. శుభ్రంగా, ఒక తీరుగా, గీత గీసినట్టు ఉన్నాయి. అగ్నిమాపక కేంద్రం వాళ్ల యూనిఫారాలు పక్కన పడేసి వీటి మీద కూర్చున్నాను. వాళ్ల ఆఫీసరు వచ్చి "ఏమ్మా, మంటలు మా బట్టల కోసం ఆగుతాయా" అని అరిచాడు. మా తమ్ముడు పెద్ద ఉద్యోగం చేస్తాడండీ, ఆయనగారి బల్ల మీద పెట్టాలండీ అని చెప్పాను. నా ముఖం చూసి వెనక్కి వెళ్లిపోయాడు.

సబ్బు వాడలేదు. ఎండలో పెట్టలేదు. తడిగుడ్డ చుట్టాను, అది కూడా కొత్త పాప్లిన్ ముక్క. నువ్వు చెప్పినవన్నీ చేశాను, చెప్పనివి కూడా చేశాను.

మీ బావకి నీ రెండు రకాల సంగతి చదివి వినిపించాను. చిన్నదో పెద్దదో తనకి తెలీదన్నారు. వలలో రెక్క ఆడిస్తూ ఏదైనా కనబడితే బతికుండగానే వదిలేస్తారట, వాళ్ల నాన్న అలవాటట. ఈ సంగతి ముప్పై ఏళ్ల కాపురంలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఏం మనిషో!

ఆయన మోకాలు వాచింది. పడవలోంచి దిగేటప్పుడు చెయ్యి పట్టుకోమని అడగరు, నేనే వెళ్లి ఊరికే నిలబడ్డట్టు నిలబడతాను. దిబ్బ సంగతి మంచి కబురు రాయి.

అక్క

*

ఏప్రిల్ 9

అక్కా,

శుభవార్త! చిన్న రకమే! పెట్టె విప్పి కొలబద్ద తీసి ఒక్కొక్కటీ కొలిచాను. నా ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదు. పదకొండూ ఒకే పొడుగు, ఒకే వెడల్పు! ఒక్క వెంట్రుక తేడా లేదు. సాధారణంగా ఒకే తల్లి పెట్టినవి కూడా ఎంతో కొంత తేడాగా ఉంటాయి. పెద్దదానికి ఉండే లక్షణాలు ఒక్కటీ లేవు. కొమ్ములు లేవు, అంచులు నున్నగా ఉన్నాయి, అలలకి అరిగి ఉంటాయి.

మా పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూసింది. "ప్రకృతి ఇంత పద్ధతిగా ఉంటుందని నేననుకోలేదు" అంది. ఆవిడ నన్ను మెచ్చుకున్నంత పని చేసింది. నివేదిక రాసి మత్స్యశాఖకి పంపేశాను. ఆ దిబ్బ దగ్గర గుడ్లు పెట్టేది చిన్న స్కేట్, దాన్ని మూయనవసరం లేదు అని. జూన్ 6న వాళ్ల సమావేశం, అక్కడ ఖాయం చేస్తారు. ఈ ఏకరూపత మీద విడిగా ఒక వ్యాసం కూడా మొదలుపెట్టాను.

బావకి చెప్పు, హాయిగా వల వేసుకోమని. ఇప్పుడైనా నా మీద కోపం తగ్గిందా?

తమ్ముడు

*

ఏప్రిల్ 18

ఒరేయ్,

కబురు చెప్పగానే మీ బావ తల ఊపి వెళ్లి పడవకి తారు పూశారు. సంతోషం వస్తే ఆయన తారు పూస్తారు. నాకు మాత్రం నీ ఉత్తరం రెండోసారి చదివేసరికి ఒళ్లు మండింది. మెచ్చుకున్నావు, బాగుంది, ఎవరిని? ప్రకృతిని! ఒకే పొడుగు, ఒకే వెడల్పు, వెంట్రుక తేడా లేదు అని పొగిడావే, అదంతా ప్రకృతి గొప్పతనమా? నా చేతికి కొలత తప్పదని అమ్మ ఊరంతా చెప్పుకునేది, నువ్వు తప్ప అందరికీ తెలుసు. మీ పెద్దావిడకైనా చెప్పు, వాటి వెనక ఒక మనిషి రెండు రోజులు నడుం విరగ్గొట్టుకుందని.

అగ్నిమాపకం వాళ్ల యూనిఫారాలు ఇచ్చేశాను. ఆఫీసరుకి నడుం దగ్గర బిగుతైందట. ఆయన నడుం పెరిగింది గానీ నా కొలత తప్పలేదు. ఆ మాట ఆయనకే చెప్పాను.

అక్క

*

ఏప్రిల్ 26

అక్కా,

ఊపిరాడటం లేదు, హడావుడిగా రాస్తున్నాను. నీ చేతి కొలత గురించి ఏదో రాశావు, చదివాను. నువ్వు ఏరి, సర్ది పంపడానికి కష్టపడ్డావని నాకు తెలుసు. కృతజ్ఞతలు కూడా చెప్పాలా, మనిద్దరి మధ్య?

ఒక సాయం చెయ్యి. మా పెద్దావిడ ఈ సంచుల్ని కింది హాల్లో అద్దాల బీరువాలో పెట్టిస్తోంది. ఇంకో రెండు కావాలి. అచ్చం వీటిలాగే ఉండాలి, అదే కొలత. దొరుకుతాయిగా? మీ దిబ్బ దగ్గరివన్నీ అలాగే ఉంటాయి కదా.

తమ్ముడు

*

మే 6

ఒరేయ్ అడ్డగాడిదా,

దొరుకుతాయా అంటావేంటి? దొరకడానికి అవేమైనా రెడీమేడ్ చొక్కాలా? చేయాలి. ఇప్పుడప్పుడే నా వల్ల కాదు. నా పెద్ద కత్తెర ఆ పదకొండింటికే మొండిబారిపోయింది, సాన పట్టించడానికి ఇచ్చాను. సాన పట్టేవాడు "తోలు కోశారా, తీగ కోశారా" అని అడిగాడు. ఒక్కోదాని చుట్టూ బెత్తెడు అంచు, గట్టి పీచు, అడుగున కొబ్బరితాడు కట్టినట్టు. కొమ్ములైతే మరీనూ. పోస్టాఫీసు పెట్టెలో పట్టాలి కదా? అట్టముక్క మీద ఒక నమూనా గీసుకున్నాను. అది పెట్టి పదకొండూ ఒకే మాదిరిగా కత్తిరించాను. కోసిన చోట గరుకుగా ఉంటే మీ పెద్దావిడ మళ్లీ దెప్పుతుందని ఉప్పుకాగితం పెట్టి రుద్దాను. ఆ నున్నదనమే అలలకి అరిగిందని రాశావు. నా వేళ్లు అరిగాయి, అల కాదు.

కత్తెర వచ్చాక చూద్దాం. ఇప్పుడు వలలన్నీ ఒడ్డున ఎండుతున్నాయి, గాలి మారేదాకా మీ బావ సముద్రంలోకి వెళ్లరు. కొత్త సంచులు ఈ నెలా నెలన్నరలో రావు.

అక్క

*

మే 11

అక్కా,

కత్తిరించావా?

కత్తిరించావు! నమూనా పెట్టి! ఉప్పుకాగితంతో రుద్దావు! అక్కా, అది చొక్కా కాదే! ఆ బెత్తెడు అంచు, ఆ పీచు, అదే గుర్తు! చిన్న రకం సంచికి అంచు సన్నగా దారమంత ఉంటుంది. చుట్టూ వెడల్పాటి పీచు అంచు ఉండేది పెద్ద రకానికే. నువ్వు పారేసిన అంచే నేను వెతుకుతున్న చేప. నేను నీ అట్టముక్కని కొలిచి నివేదిక రాశాను. నీ అట్టముక్క మీద వ్యాసం రాస్తున్నాను. నీ అట్టముక్కని చూసి మా పెద్దావిడ ప్రకృతిని పొగిడింది!

ఒక్క మాట అడగకూడదా? "తమ్ముడూ, కొంచెం కోయనా" అని ఒక్క ముక్క? నీకు చెప్పడం నాదే బుద్ధి తక్కువ. చిన్నప్పుడు నా చేపల పుస్తకంలో బొమ్మలన్నీ చుట్టూ కత్తిరించి గోడకి అంటించిన దానివి.

అంటే అక్కడ ఉన్నది పెద్ద స్కేటే. లేదనుకున్న చోట ఉంది, గుడ్లు పెడుతోంది. నేనేమో దాన్ని పట్టించుకోనక్కర్లేదని సంతకం పెట్టాను. వెంటనే కత్తిరించని సంచి ఒక్కటి పంపు. ఎక్కడి నుంచైనా సరే.

తమ్ముడు

*

మే 17

తమ్ముడికి,

నన్ను అడగలేదని అరుస్తున్నావా? నువ్వు చెప్పావా? చింపిరి చింపిరిగా పంపకు, ఒక తీరుగా పంపు, పెట్టెలో పట్టేలా పంపు. నీ అక్షరాలే, నీ సిరాతోనే ఉన్నాయి నా ముందు. "ఎలా తెలుస్తుందో నీకనవసరం" అన్నదెవరు? ఆ రోజు ఒక్క ముక్క, "అక్కా, అంచే ముఖ్యం" అని రాసి ఉంటే అంచుకి ఇస్త్రీ చేసి పంపేదాన్ని. ఎదుటి మనిషికి బుర్ర ఉంటుందని నీకు ఎప్పుడూ అనిపించదు.

కత్తిరించనివి లేవు. సముద్రం మీదికి ఎవరూ వెళ్లడం లేదని రాశాను, అది కూడా చదివినట్టు లేదు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. నువ్వు నోరు మెదపకపోతే ఎవరికి తెలుస్తుంది? నివేదిక వెళ్లిపోయింది. దిబ్బ తెరిచే ఉంటుంది. మీ బావ కొండ చాటున వల వేసుకుని తిరిగొస్తారు. ఆయన ఎలాగూ రెక్కల చేప పడితే వదిలేసే మనిషే. ఆయన వల్ల దానికేం నష్టం? పెద్ద పడవల వాళ్లు పడతారంటావు, వాళ్లని ఆపుకో. నువ్వు నోరు తెరిస్తే ఆ చేప బతుకుతుందేమో నాకు తెలీదు. మీ బావ మాత్రం మలుపు దాటి వెళ్తారు, అది తెలుసు.

ఈ ఉత్తరం ఆయనకి చూపించలేదు. ఆయన మళ్లీ తారు పూస్తున్నారు.

అక్క

*

మే 22

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. మొదటి సంగతి, తప్పు నాది. నా ఉత్తరం నకలు తీసి చూశాను, నువ్వన్నట్టే రాశాను. నా పొగరుకి నాకే ఒళ్లు మండిపోయింది.

మా పెద్దావిడకి చెప్పేశాను. ఆవిడ కేకలు పక్క విభాగం పక్షుల వాళ్లకి కూడా వినబడ్డాయి. చివరికి అంది కదా, "మీ అక్కగారి కత్తెర గురించి మీ మాట తప్ప ఆధారం ఏముంది? మాట మీద నివేదిక ఎలా మారుస్తాం?" నిజమే. ఆధారం లేకపోతే 6వ తేదీన పాత నివేదికే నడుస్తుంది. వలలు మళ్లీ దిగాక సంచులు రావడం, నేను కొలవడం, కొత్తగా రాయడం, ఇంకో రెండేళ్లు. నోరు మెదపకు అన్నావు, మెదిపాను, ఏమీ కాలేదు.

ఒడ్డున ఎక్కడైనా పాతది ఒక్కటైనా పడి ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. నువ్వు వెతకనంటే నేను నిన్ను ఏమీ అనను. బావ మలుపు దాటి వెళ్లడం నాకు మాత్రం ఇష్టమా? ఇక నీ ఇష్టం అక్కా.

తమ్ముడు

*

మే 29

తమ్ముడూ,

"ఇక నీ ఇష్టం" అట! చదువుకున్నది నువ్వు, జీతం తీసుకునేది నువ్వు, సంతకం పెట్టింది నువ్వు. చివరికి భారం మాత్రం నా నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నావు. ఈ వారం నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. జిప్పు మార్చమని వచ్చిన టీచరమ్మ మీద కూడా విసుక్కున్నాను.

ఒడ్డున వెతకనక్కర్లేదు. కోసిన అంచులన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఏం బట్ట కుట్టినా మిగిలిన పీలికలు మూటగట్టి చొక్కాతో పాటే ఇచ్చేస్తాను. గుడ్డ మిగుల్చుకుంది అని ఎవరూ నన్ను అనకూడదు. నీ పీలికలు నీకు వేరే పంపుదాంలే అని మూటగట్టి, మర్చిపోయాను. నువ్వు అరుస్తూ రాసిన ఉత్తరం వచ్చిన రోజే బల్ల కింద చూశాను. చూసి మళ్లీ తోసేశాను. పొయ్యిలో వేస్తే ఒక్క నిమిషం పని.

నిన్న మీ బావతో చెప్పాను. అంతా చెప్పాను, కత్తెర దగ్గర్నుంచి పొయ్యి దాకా. ఆయన "పారేయకు" అంటారేమోనని ఒక భయం, "పారేయి" అంటారేమోనని ఇంకో భయం. ఆయన చాలాసేపు మోకాలు రుద్దుకుని, "అవి ఎవరివి?" అన్నారు. తమ్ముడివి అన్నాను. "మరి ఇచ్చేయి" అన్నారు. అంతే. ఇంకేమైనా అంటారని కూర్చున్నాను, లేచి వెళ్లిపోయారు. ఈ మనిషితో పోట్లాడటానికి కూడా ఉండదు.

కస్టమరు గుడ్డ కత్తిరించి, మీరిచ్చిన గుడ్డే ఇంతండీ అని చెప్పడం నాకు చేతకాదు. ఇన్నేళ్లలో చెప్పలేదు. అందుకని పంపుతున్నాను. అంతేగానీ నీ చేప మీద ప్రేమతో కాదు, నీ మీద ప్రేమతో అసలే కాదు. మూటలో అన్ని ముక్కలూ ఉన్నాయి. కొమ్ములు వేరే పొట్లం కట్టాను. అతికించుకో.

అక్క

*

జూన్ 8

అక్కా,

ముక్కలన్నీ అతికాయి. నేనూ పెద్దావిడా బల్ల మీద పరుచుకుని ఒక్కో సంచికి దాని అంచు వెతికి పెట్టాం. నువ్వు కోసిన గీత ఎంత కచ్చితంగా ఉందంటే, అతికించాక గీత కనబడలేదు. పదకొండూ పెద్ద స్కేట్ సంచులే. సమావేశంలో ఆ బల్లనే మోయించుకెళ్లి చూపించాం. అక్కడికక్కడే ఒప్పుకున్నారు. వచ్చే వారం నుంచి రాళ్ల దిబ్బ దగ్గర ఏ వలా వేయకూడదు. చిన్న పడవలకి మినహాయింపు ఇవ్వమని అడిగాను అక్కా. రెండుసార్లు అడిగాను. కుదరదన్నారు. బావ లాంటి వాళ్ల గురించి అక్కడ ఎవరికీ తెలీదు, నేనే సరిగ్గా చెప్పలేకపోయానేమో.

నువ్వు చేసింది మామూలు పని కాదు. నీ గురించి ఆ వ్యాసంలో రాస్తాను, నీ పేరు మొదటి వరసలో వేస్తాను. సెలవు దొరకగానే వస్తాను.

తమ్ముడు

*

జూన్ 19

ఒరేయ్ తమ్ముడూ,

నా పేరు ఎక్కడా వేయకు. వేశావంటే ఆ పుస్తకాన్ని కూడా చుట్టూ కత్తిరిస్తాను. మెచ్చుకుంటూ ఇంకో ఉత్తరం రాస్తే విప్పకుండా తిప్పి పంపుతాను. రేవులో నాతో మాట్లాడేవాళ్లు తగ్గారు. దిబ్బ ఎలా మూతపడిందో అందరికీ తెలిసిపోయింది. మీ బావే చెప్పారు, ఎవరో అడిగితే. అబద్ధం చెప్పడం ఆయనకి రాదు, ఊరుకోవడమూ అవసరమైనప్పుడు రాదు.

నువ్వు మినహాయింపు అడిగానని రాశావు. అడిగి ఉంటావు. ఆ మాట మీద నాకు అనుమానం లేదు.

గాలి మారింది. నిన్న మొదటిసారి ఆయన మలుపు దాటి వెళ్లారు. మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నారు. రాలేదు. నేను మిషను దగ్గర కూర్చుని టీచరమ్మ వాళ్లాయన చొక్కా కుట్టాను. మీ బావ వచ్చేసరికి చీకటి పడుతోంది. ఒళ్లంతా తడిసిపోయి, బాగానే ఉంది సముద్రం అన్నారు. పొడిబట్టలు ఇచ్చాను. తిని కుర్చీలోనే నిద్రపోయారు.

పొద్దున లేచి చొక్కా మడతపెట్టబోతే చూశాను. రెండు వైపులా ఎడమ చేతులే కుట్టాను. ఒకే చొక్కాకి రెండు ఎడమ చేతులు, నేను, ముప్పై ఏళ్లు కుట్టినదాన్ని. విప్పి మళ్లీ కుట్టాను. ఆయనకి చెప్పలేదు. చెబితే వెళ్లడం మానేస్తారేమోనని కాదు, మానరు. నీకు చెబుతున్నాను, ఎవరో ఒకరికి చెప్పాలి కాబట్టి. నాకు భయంగా ఉందిరా.

ఆయన ఇవాళ కూడా వెళ్లారు.

అక్క